గట్టు మీద మిగిలినవాడు

మా అమ్మాయి కాలేజీ మ్యాచ్‌లకు జనం తగ్గిపోతున్నారని కనిపెట్టింది నేనే. కనిపెట్టడం అని ఎందుకంటున్నానంటే, మిగతా ఎవరూ దాన్నొక విశేషంగా చూడలేదు. కోచ్ చూడలేదు, ఆడే పిల్లలు చూడలేదు. నేను మాత్రం దీని వెనక ఏదో ఉందనుకున్నాను. దేని వెనకైనా ఏదో ఒకటి ఉంటుందనుకోవడం నా స్వభావం, నా ఉద్యోగం కూడా అదే. ఐర్లండులో అత్లోన్ అనే ఊళ్ళో ఒక మందుల కంపెనీలో నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తాను. మందు బాగా వచ్చిందని అందరూ సంతోషపడ్డాక, అంత బాగా ఎందుకొచ్చిందని అడిగి ఆ సంతోషం పాడుచేసేది నేను. ఇంటికి రాగానే ఆ బుర్ర దానంతటది ఆగిపోదు కదా. "పాలు డబ్బాలో కొనే దేశంలో కూడా నీళ్ళు కలిపారేమోనని చూస్తారు మీరు" అంటుంది మా ఆవిడ. ఆవిడ పక్క ఊరు ములింగార్‌లో ఆసుపత్రి డాక్టరు. డ్యూటీల వల్ల ఆవిడకు ఎప్పుడూ కుదరదు కాబట్టి మ్యాచ్‌లు చూసే పని నా మీద పడింది.

పడింది అనకూడదు, నేనే పట్టుకున్నాను. మా అమ్మాయి ఈ ఊరి యూనివర్సిటీలోనే చదువుతూ, ఇంట్లోనే ఉంటూ, ఆడపిల్లల గేలిక్ ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరుగా ఆడుతోంది. ఈ ఆటలో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. రెండు నిలువు కర్రల మధ్య అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలోకి పోతే గోలు, దానికి మూడు పాయింట్లు. ఆ వల ముందు నిలబడేది మా పిల్ల. ఇంట్లో కిందపడిన సాక్సు తియ్యమంటే వంగని మనిషి అక్కడ బురదలోకి అడ్డంగా దూకుతుంది. మొదటిసారి అది చూసి "అయ్యో" అని గట్టిగా అరిచాను. పక్కనున్న ఐరిష్ తండ్రి అదేదో జట్టును ఉత్సాహపరిచే మా భాష మాట అనుకుని తనూ "అయ్యో" అని అరిచాడు. ఆ రోజు మేమిద్దరం మ్యాచ్ అయ్యేదాకా అరిచాం.

మైదానం పక్కన గడ్డి గట్టు ఒకటుంది. గ్యాలరీ అన్నా, స్టాండు అన్నా అదే. అమ్మాయి చేరిన ఏడాది ఆ గట్టు నిండా మనుషులే. డప్పు తెచ్చే కుర్రాళ్ళు, మడత కుర్చీలేసుకునే తల్లులు, కుక్కల్ని పట్టుకొచ్చే తాతలు, షానన్ నది మీంచి వచ్చే గాలికి ఎర్రబడ్డ ముక్కులు. నేను మంకీ టోపీ పెట్టుకుని, ఫ్లాస్కులో టీ, డబ్బాలో జంతికలు పట్టుకుని ఒక చివర నిలబడేవాణ్ణి. మరుసటి ఏడాదికి డప్పు పోయింది. ఆ తర్వాత కుక్కలు, తాతలు పోయారు. మడత కుర్చీలు ఒక్కటొక్కటిగా మాయమయ్యాయి. ఆమె ఆఖరి ఏడాదిలోకి వచ్చేసరికి గట్టు మీద నేనూ, ఎవరో ఒకరిద్దరూ, మా గొడుగులూ మిగిలాం.

వెళ్ళేముందు ప్రతిసారీ, "అమ్మడూ, బుధవారం మ్యాచ్‌కి రానా?" అని అడిగేవాణ్ణి. పెద్దపిల్ల, చెప్పకుండా వెళ్తే బాగుండదు. మా అమ్మాయికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాస ఇంగ్లీషులోనే వస్తుంది. "యూ ఆర్ గ్రాండ్, డాడ్" అనేది, బూట్ల లేసులు కట్టుకుంటూ. గ్రాండ్ మనకేం కొత్త మాట కాదు. పెళ్ళి గ్రాండ్‌గా చేశారనడం ఎన్నిసార్లు వినలేదు? ఇక్కడివాళ్ళు ఊరికే బాగుంది అనడానికి కూడా గ్రాండ్ అంటారని వచ్చిన కొత్తలోనే నేర్చుకున్నాను. దాంతో ఆ మాట చదువు పూర్తయిందనుకున్నాను. నాన్న గ్రాండ్ అంటోంది కూతురు, ఇంకేం కావాలి? టోపీ పెట్టుకుని బయల్దేరేవాణ్ణి.

గట్టు మీదా అదే మాట. జంతికల డబ్బా మూత తీసి పక్కవాళ్ళ ముందు పెడితే, "యూ ఆర్ గ్రాండ్, యూ ఆర్ గ్రాండ్" అని చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు. నోటితో మెచ్చుకుంటూ చేత్తో మొహమాటపడుతున్నారనుకుని, ఆ చేతిలోనే రెండు పెట్టేవాణ్ణి. మన ఇళ్ళల్లో మొదటిసారి వద్దన్నవాళ్ళ మాట నమ్మి ఊరుకుంటామా? పాపం, తినేవాళ్ళు. మా ఆవిడ కారం కాస్త ఎక్కువే వేస్తుంది, కళ్ళు తుడుచుకుంటూ తినేవాళ్ళు.

జనం తగ్గేకొద్దీ నా అనుమానాలు పెరిగాయి. మొదటిది కోచ్ మీద. ఆవిడ గట్టి మనిషి, ఎప్పుడూ మెడలో విజిల్‌తో ఉంటుంది. మ్యాచ్‌లన్నీ బుధవారం మధ్యాహ్నం పెట్టడమేమిటి? ఉద్యోగాలున్నవాళ్ళు రాకూడదనే కదా? జట్టును మెల్లగా ఎత్తేయడానికి ఎవరో ఆలోచిస్తున్నారనీ, ఆవిడకు అది తెలుసనీ అనుకున్నాను. తర్వాత నా చూపు మైదానం నడిగీత దగ్గర మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టిన ఫోను మీద పడింది. దాంతో మ్యాచ్‌ను ఎప్పటికప్పుడు నెట్‌లో చూపిస్తారు. ఓహో, జనమంతా ఇళ్ళల్లో హీటరు పక్కన కూర్చుని చూస్తున్నారన్నమాట అనుకుని, గట్టు మీదే నిలబడి నా ఫోనులో అది తెరిచాను. చూస్తున్నవారు ఒకరు అని ఉంది. ఆ ఒకరు నేనేనని తెలియడానికి కాస్త సేపు పట్టింది.

ఇంట్లో అడిగితే అమ్మాయి వెంటనే చెప్పేసింది. ఈ ఊళ్ళో అద్దెకు గదులు దొరకడం లేదట, దొరికినా ఆ రెంట్ కట్టలేరట. పిల్లలంతా క్లాసు అవగానే బస్సెక్కి వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు వెళ్ళిపోతారు, సాయంత్రాలు షాపుల్లో పనిచేస్తారు, ఇక నిలబడి మ్యాచ్ చూసే తీరిక ఎవరికుంది అని ఇంగ్లీషులో గబగబా అనేసింది. నమ్మదగ్గ మాటే. కానీ అంత గబగబా ఎందుకు చెప్పింది? ముందే తయారుచేసి పెట్టుకున్న జవాబులా అనిపించి దాన్ని పక్కన పెట్టాను.

ఒకసారి సూపర్‌మార్కెట్‌లో ఒకావిడ కనిపించింది. మొదటి ఏడాది నా పక్కనే మడత కుర్చీ వేసుకునేది. ఈమధ్య రావడం లేదేమని అడిగాను. రావాలి, తప్పకుండా రావాలి అంది, పెరుగు డబ్బాల వైపు చూస్తూ. "ఈసారి పులిహోర తెస్తాను" అన్నాను. ఆవిడ ఎంత వేగంగా బండి తోసుకుంటూ వెళ్ళిందంటే, పెరుగు కొనడానికి వచ్చిన మనిషి పెరుగు కూడా తీసుకోలేదు.

దాంతో అన్నిటికన్నా పాతదీ, పైకి చెప్పుకోనిదీ అయిన అనుమానం బయటికొచ్చింది. ఆ గట్టు మీద మా రంగు మొహం నాదొక్కటే. నేను వెళ్ళడం మొదలుపెట్టాకే జనం రావడం మానేశారు. ఎవరూ ఒక్క మాట అనలేదు, నవ్వుతూనే పలకరించారు. ఆ నవ్వుల్ని గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి చూశాను. మా ఆవిడతో అంటే, గిన్నెలు అలమరాలో సర్దుతూ వెనక్కి కూడా తిరగలేదు. "మీరొక్కరు వెళ్ళి నిలబడితే ఊరు ఊరంతా లేచిపోతుందా? అంత గొప్పవారా మీరు? మీ అనుమానం పాడుగాను, జంతికలు మానెయ్యండి చాలు" అంది. జంతికలు మానేశాను. జనం రాలేదు.

ఇలా ఉండగా మా ఆఫీసులో కొత్తగా చేరిన కరీంనగర్ ఆవిడ ఒకరోజు టీ గదిలో నవ్వుతూ నా దగ్గరకొచ్చింది.

"అన్నా, గీడి మాటలు నాకు సమజ్ అయితలేవే. మా టీం ఆయనను చాయ్ తేవాల్నా అని అడిగిన. యూ ఆర్ గ్రాండ్ అన్నడు. మంచిదే గదా అని తెచ్చిచ్చిన. వారం దినాలు తాగిండు పాపం. ఇయ్యాల మెల్లగ చెప్పిండు, గట్లంటే వద్దని అర్థమంట!"

"వద్దనా?"

"అవునన్నా. నువ్వు చెయ్యకున్నా ఏం కాదు, వద్దులే అని అట్ల మంచిగ చెప్తరంట. నీకు తెల్వదా? ఇన్నేండ్లు అయితాంది గదా నువ్వొచ్చి!"

తెలుసన్నాను. ఆ మధ్యాహ్నం నా ముందున్న పనిలో ఒక్క అక్షరం కూడా బుర్రకెక్కలేదు. బూట్ల లేసులు కట్టుకుంటూ అమ్మాయి అన్న గ్రాండ్‌లన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. రానా అంటే వద్దంది. మళ్ళీ రానా అంటే మళ్ళీ వద్దంది. వద్దన్న ప్రతిసారీ నేను మంకీ టోపీ పెట్టుకుని వెళ్ళాను. పిలవని పేరంటానికి మూడేళ్ళు వెళ్ళాను. ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. గట్టు మీద ఎవరికి నేనంటే పడదో అని ఊరందర్నీ అనుమానించాను గానీ, గోలు ముందు నిలబడ్డ మనిషి వైపు నా చూపు ఒక్కసారి కూడా పోలేదు.

నిజం తేల్చుకోవాలనుకున్నాను. తర్వాతి మ్యాచ్‌కు ముందు మామూలుగానే, "రానా?" అన్నాను. "యూ ఆర్ గ్రాండ్" అంది. "సరే" అని కూర్చుండిపోయాను. ఆమె గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. తాళాలు వెతుక్కుంటోందనుకున్నాను. ఆ పై మ్యాచ్‌కూ అంతే. బురద బూట్లతో తిరిగొచ్చినప్పుడు ఆమె మొహంలో హాయి కనబడుతుందేమోనని దొంగచూపులు చూశాను. కనబడినట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. అడగకపోవడం కూడా నా లెక్కలో ఒక రుజువే అయింది.

తర్వాత వచ్చింది గెలిస్తేనే ముందుకు పోయే మ్యాచ్. ఓడితే ఈ ఏడాదికి అంతే, అమ్మాయికి ఇదే ఆఖరి ఏడాది కాబట్టి కాలేజీ ఆట మొత్తానికి అంతే. ఆ సంగతి మా ఆవిడ చెబితే తెలిసింది. అడిగాను. ఈసారి అమ్మాయి తల ఎత్తి, నా మొహంలోకి చూసి మరీ అంది, యూ ఆర్ గ్రాండ్ అని. అంత ముఖ్యమైన మ్యాచ్‌కు కూడా వద్దంటోందంటే అక్కడికి ఇంకెవరో వస్తున్నారని నా బుర్ర తేల్చేసింది. ఎవరో కుర్రాడు. నేను చూడకూడని కుర్రాడు. ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి, కాలేజీ మైదానం చివర, గోలు వెనక కార్లు ఆపే చోట, కంచె పక్కన కారు పెట్టి, టోపీ కనుబొమల దాకా లాక్కుని కూర్చున్నాను.

గట్టు మీద ఒక్క పురుగు లేదు. కుర్రాడు లేడు, గొడుగు లేదు. వాన సన్నగా పడుతోంది. రెండు జట్ల పిల్లలూ అటూ ఇటూ పరిగెడుతూ ఒళ్ళు వేడెక్కించుకుంటున్నారు. ఇంత ఖాళీలోకి నన్ను రావద్దందా అనుకున్నాను. అప్పుడే ఎవరో కారు అద్దం మీద టకటకా కొట్టారు. కోచ్. తేలు కుట్టిన దొంగలా అద్దం దించాను.

కీపరు వాళ్ళ నాన్నవి కదా, నిన్ను దేవుడే పంపాడు అంది. ఒక్కో గోలు దగ్గర ఇద్దరు అంపైర్లు కావాలి, ఒక్కో జట్టు నుంచి ఒకరు. ఇదివరకు గట్టు వైపు తిరిగి కేకేస్తే ఎవరో ఒకరు వచ్చేవారు, ఇప్పుడు కేకేస్తే గాలి పలుకుతోంది అని నవ్వింది. అవతలి గోలుకు మా కాలేజీ బస్సు డ్రైవర్‌ను ఒప్పించిందట, ఇవతలి గోలుకు నేను. తండ్రిని పెట్టొచ్చా అని అడిగాను. ఎవరో ఒకరి తండ్రే కదా ఎప్పుడూ నిలబడేది అంటూ తెల్లకోటు నా భుజాల మీద వేసింది, చేతిలో రెండు జెండాలు పెట్టింది. పాయింటుకు తెల్లది, గోలుకు పచ్చది.

రెండో కర్ర దగ్గర అవతలి జట్టు తరఫున ఒక ముసలాయన నిలబడ్డాడు. మొదటి సగంలో మేమిద్దరం నిలబడ్డ గోలును కాపాడింది వాళ్ళ అమ్మాయే కాబట్టి ఇబ్బంది లేకపోయింది. తెల్లజెండా కొన్నిసార్లు ఊపాను. ఊపడం బాగానే ఉంది. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారాయి, మా అమ్మాయి మా గోలు ముందుకొచ్చింది. ముసలాయన ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూసి, ఆ పిల్ల నీకేమవుతుందని అడిగాడు. కూతురన్నాను. "ఆహా" అన్నాడు. ఆ ఆహా నాకు బాగా తెలుసు. ఆఫీసులో అందరితో నేను అనే ఆహా అదే.

"డాడ్? వాట్ ఆర్ యూ వేరింగ్?"

"మీ కోచ్ వేసుకోమంది."

ఆమె మైదానం వైపు తిరిగి నిలబడింది. నాకు వీపే కనబడుతోంది. ఆట అవతలి చివర జరుగుతోంది.

"ఐ సా ద కార్" అంది తల తిప్పకుండా. "వై వర్ యూ హైడింగ్?"

"నువ్వే కదమ్మా రావద్దన్నావు."

"ఐ నెవర్ సెడ్ దట్."

"యూ ఆర్ గ్రాండ్ అంటే ఏమిటి మరి? అక్కర్లేదనే కదా. నాకిప్పుడు తెలిసిందిలే."

ఆమె ముందుకు చూస్తూనే మెల్లగా ఇంగ్లీషులో చెప్పింది. అవును, దానర్థం అదే. అందరి అమ్మానాన్నలూ రావడం మానేశారు, నువ్వొక్కడివే సెలవులు పెట్టుకుని వానలో నిలబడుతున్నావు, నా కోసం నీకు ఇబ్బంది ఎందుకని అలా అనేదాన్ని. "బట్ యూ ఆల్వేస్ కేమ్ ఎనీవే" అంది. బంతి ఎటు పోతోందో చూసుకుని, "దెన్ యూ స్టాప్డ్" అంది.

మొహమాటానికి వద్దంటే మళ్ళీ అడగాలని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. గట్టు మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతుల్లో జంతికలు పెట్టాను. సొంత కూతురు మొహమాటపడితే మాత్రం మాటకు అర్థం పట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. ఇదంతా అనుకుంటున్నా, నా బుర్రలో ఇంకో పక్క అడుగుతూనే ఉంది, ఇది నిజమేనా, లేక దొరికిపోయిన నాన్నను ఊరుకోబెట్టడానికి అప్పటికప్పుడు అన్న మాటా అని. మొహం కనబడితే ఏదో తేల్చుకునేవాణ్ణేమో. కనబడలేదు.

ఆట ముగియవచ్చింది. మేము ఒక్క పాయింటు ముందున్నాం. అప్పుడు వాళ్ళ పిల్ల దూరం నుంచి తన్నిన బంతి వానలోంచి పైకి లేచి, అడ్డకర్ర కిందకు దిగింది. అమ్మాయి ఎగిరి రెండు చేతులతో పట్టుకుంది. మీద ఎవరెవరో వచ్చి పడ్డారు. బంతితో సహా వెనక్కి పడి, వెంటనే దొర్లి, లేచి గోలు గీత ముందుకొచ్చి నిలబడింది. అవతలి జట్టు పిల్లలు చేతులెత్తి గోలు గోలు అని అరిచారు. మా పిల్లలు కాదని అరిచారు. రెఫరీ విజిల్ వేసి పరిగెత్తుకొచ్చాడు.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. మనుషులు అడ్డమొచ్చారు, నాకు కనబడలేదు, నీ వైపే జరిగింది అన్నాడు నాతో.

నాకు కనబడింది. నా కాళ్ళకు జానెడు దూరంలో జరిగింది. బంతి గీత దాటి మొత్తంగా వల వైపుకి వెళ్ళింది.

రెఫరీ నన్ను అడిగాడు, చూశావా అని. నడిగీత దగ్గరి ఫోనుకు ఇంత దూరం ఆనదు. గట్టు మీద మనిషి లేడు. పచ్చజెండా ఎత్తితే మా అమ్మాయి ఆట ఇక్కడితో సరి, అదీ తన నాన్న చేత్తో, నువ్వు రావడం మానేశావని ఇప్పుడే చెప్పిన పిల్లకు. ఎత్తకపోతే ఎవరికీ తెలియదు. ముసలాయన నా మొహాన్నే చూస్తున్నాడు. జెండా పట్టుకున్న చెయ్యి తొడకు అతుక్కుపోయింది. అమ్మాయి వైపు చూశాను. ఎత్తొద్దని కళ్ళతో చెబుతుందేమోనని భయపడ్డాను. బంతిని గుండెకు హత్తుకుని, మొహం నిండా బురదతో, నన్నే చూస్తోంది.

"లోపలికెళ్ళింది నాన్నా" అంది. "ఎత్తెయ్."

రెఫరీ వెంటనే మా ఇద్దరి మధ్యకొచ్చాడు. కీపరు నీతో ఏమంది, అది ఏ భాష, ఇంగ్లీషులో చెప్పు అన్నాడు గట్టిగా. ముసలాయన కూడా ఒక అడుగు దగ్గరకు జరిగాడు. ఏదో కూడబలుక్కుంటున్నామనుకున్నారు ఇద్దరూ. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి. లోపలికెళ్ళిందని చెబుతోంది అన్నాను. రెఫరీ ఆమె వైపు తిరిగాడు. ఆమె తలూపింది.

పచ్చజెండా ఎత్తాను. తన మీద పడ్డ గోలు తనే ఒప్పుకున్న పిల్ల, అదే చోట నిలబడి నాతో మిగతా మాటలు మాత్రం అబద్ధం ఎందుకు చెబుతుంది? ఆమె బంతిని కింద పెట్టి, వెనక్కి నాలుగడుగులు వేసి, బలమంతా పెట్టి మైదానం మధ్యకు తన్నింది. మళ్ళీ వచ్చి నా ముందు నిలబడింది. చివరి విజిల్ దాకా నేను గట్టు వైపు చూడలేదు. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.